తాబేలు బొమ్మ వెలిగిన బండి

మా ఇబ్రహీంపట్నంల సర్వేయర్ అంటె భూమి కొలిచేటోడనే అర్థం. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డంక ఇక్కడి భూములకు ఎంత గిరాకీ వచ్చిందో అందరికి తెల్సిందే. మా ఇంటి గేటుకు నా పేరు, దాని కింద ‘సర్వేయర్’ అని బోర్డు పెట్టిన కొత్తల ఒకాయన పొద్దుగాల్నే వచ్చి, "సార్, మా అన్నదమ్ములకు హద్దు పంచాయితి ఉంది. గొలుసు పట్టుకొని జర వస్తరా?" అని అడిగిండు. నేను చూసేది భూములు కాదు, గుద్దుకున్న కార్లని చెప్పిన. ఆయన నన్ను కిందికి మీదికి చూసి, "గుద్దుకున్నంక ఇగ చూసేదేముంటది సార్?" అన్నడు.

చూసేది చానా ఉంటది. కారుకు యాక్సిడెంట్ అయితె ఇన్సూరెన్స్ కంపెనీ నష్టం అంచనా వెయ్యనీకి ఒక మనిషిని పంపుతది. ఆ మనిషి కంపెనీ జీతగాడు కాదు, లైసెన్సు ఉన్న బయటి మనిషి. ఏం విరిగింది, ఎట్ల విరిగింది, చెప్పినట్టే విరిగిందా, బాగైతదా లేక మార్చాల్నా, ఇవన్ని చూసి రాసియ్యాలె. బండి ఓనరు నేను కంపెనీ మనిషినంటడు. కంపెనీ నేను ఓనరు దిక్కు మాట్లాడుతున్ననంటది. గ్యారేజీ ఆయన ఇద్దరి కంటె ఎక్కువ తిడతడు. ముగ్గురు సమానంగ తిట్టిండ్రంటె ఆ పని సక్కగ చేసినట్టు లెక్క.

నాకు చిన్నప్పటి సంది కార్ల పిచ్చి. ఇప్పటికి గూడ కొత్త బండి వస్తుందంటె దాని గురించి చదవంది, వీడియోలు చూడంది మనసున పట్టదు. ఆ వీడియోలల్ల బండిని కడిగి, తుడిచి, ఎండ మంచిగ పడే జాగల నిలవెట్టి చూపెడతరు. అదే బండిని నేను క్రేనుకు వేలాడంగ చూస్తుంట. అందుకే నా అభిప్రాయాలు ఆ వీడియోలోళ్ళ అభిప్రాయాలతోని ఎక్కువ కలువయి. ఈ పనిలకు కొత్తగ వస్తున్న పిల్లలు ఫోన్ చేసి ఏం చదవాలె, ఏం చూడాలె అని అడుగుతుంటరు. చదివేది వాళ్ళకు పుస్తకాలల్లనే దొరుకుతది. నాకు పనికొచ్చిన సంగతులు ఇక్కడ రాస్తున్న.

రేకు మందం

నాకు పని నేర్పింది రాజలింగం సార్. పొట్టి మనిషి, గొంతు పెద్దది. గ్యారేజీకి పోతె అక్కడ చాయ్ తాగేటోడు కాదు, కుర్సీల కూసునేటోడు కాదు. "చాయ్ తాగినంక కండ్లు మెత్తవడుతయిరా" అనేటోడు. ఆయన నేర్పిన మొదటి సంగతి, బండి కాడికి పోంగనే విరిగిన దిక్కు చూడొద్దని. "ముందుగాల మనిషి కూసున్న జాగ చూడు. ఆ జాగ మిగిలిందా లేదా? అద్దాలు, బంపర్లు తర్వాత లెక్కవెట్టుకో."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలే. అందరి లెక్కనే నేను గూడ రేకు మందం ఉన్న బండే గట్టి బండి అనుకుంటుంటి. షోరూంల బానెట్ మీద పిడికిలితోని కొట్టి, చప్పుడు విని, "డబ్బా రేకు" అని పెదవి విరిచేటోళ్ళల్ల నేనొకణ్ణి.

ఒక వానకాలం నాదర్‌గుల్ దిక్కు ఒక పాత బండి కల్వర్టు గోడకు గుద్దుకుంటె చూడనీకి పోయినం. మస్తు బరువున్న బండి, మందపు రేకు. ముంగట బంపర్ వంగింది, బానెట్ జర లేచింది, గంతే. సుత్తెతోని నాలుగు దెబ్బలు కొట్టి నడిపించుకపోవచ్చు అనిపించింది. "బండికి ఏం గాలే సార్" అన్న. రాజలింగం సార్ డ్రైవర్ దిక్కు తలుపు తెరిచి చూపెట్టిండు. స్టీరింగ్ వచ్చి సీటుకు ఆనింది. నడిపినాయన దవాఖానకు తీస్కపోయే తొవ్వల్నే సచ్చిపోయిండు.

అదే కాలంల సాగర్ రోడ్డు మీద ఒక కొత్త చిన్న కారు చెట్టును గుద్దింది. ముంగటి భాగం కాగితం నలిపినట్టు నలిగింది, ఇంజన్ కిందికి జారింది. గ్యారేజీల ఆ బండిని చూసి అందులున్నోళ్ళు మిగిలి ఉండరనుకున్న. చూస్తె ఆ మొగుడు పెండ్లాం బండి పక్కపొంటి నిలవడి, తప్పు నీదంటె నీదని కొట్లాడుకుంటున్నరు. ఆయన మోచేతికి ఒక పట్టీ ఉంది, ఆమెకు అది గూడ లేదు. నలగాల్సిన రేకు నలిగింది, దెబ్బనంత అదే తిన్నది. మనిషి దాంక రానియ్యలే.

ఇప్పుడు కార్లను గోడకు గుద్దించి, మనిషికి ఎంత భద్రమో చూసి, చుక్కలు ఇస్తున్నరు. జనం గూడ ఎన్ని చుక్కలని అడిగి కొంటున్నరు. మన దేశంల కార్ల విషయంల నేను చూసిన మంచి మార్పు ఏదన్న ఉన్నదంటె ఇదొక్కటే అని చెప్త. కాని చుక్కలు బండికే గాని, బెల్టు పెట్టుకోకుండ ఎనక సీట్ల అడ్డం పడి పండుకున్నోనికి కాదు. ఎయిర్‌బ్యాగు గూడ బెల్టు పెట్టుకున్నోన్నే సక్కగ కాపాడతది.

రాజలింగం సార్‌తోని నాకు పడని సంగతి ఒకటుండె. ఆయన లెక్కల బండి ఓనరంటె దొంగనే. అడిగే పద్ధతి గూడ పోలీసు లెక్కనే ఉండేది. నేను చూసినంతల ఎక్కువ మంది అబద్ధమాడేది ఒక్క కాడనే, ఎవలు నడిపిండ్రన్న కాడ. కొడుకు నడిపితె తండ్రి వచ్చి నేనే నడిపిన్నంటడు. సీటేమో ఎనకకు జరిపి ఉంటది, తండ్రి కాళ్ళు పెడళ్ళకు అందయి. మిగిలిన సంగతులల్ల జనం నిజమే చెప్తరు. వినే ఓపిక మనకే ఉండదు.

పెద్ద తెర, పై కిటికీ

ఇప్పటి బండ్ల గురించి నా అభిప్రాయం అడిగితె సూటిగ చెప్త.

సన్‌రూఫ్ మన ఎండలకు పనికొచ్చేది కాదు. మా దిక్కు పెండ్లి బరాతుల గాని, వినాయకుని నిమజ్జనంల గాని, ఆ కిటికీ ఉన్న బండి వచ్చిందంటె అందులకెళ్ళి ఒక పిల్లగాని తలకాయ బయటికి ఉండాల్సిందే. గట్టిగ బ్రేకు కొడితె ఆ తలకాయ ఏమైతదో తల్లిదండ్రులు ఒక్కసారి గూడ ఆలోచించరు. కంపెనీలను అనుడు గూడ తప్పే. షోరూంలకు పోయి బ్రేకుల గురించి అడిగెటోళ్ళు తక్కువ, పై కిటికీ ఉందా అని అడిగెటోళ్ళు ఎక్కువ.

పెద్ద తెరలు నాకు నచ్చయి. ఏసీ తగ్గియ్యాలంటె వెనకట ఒక గుండీ తిప్పుతుంటిమి, కండ్లు రోడ్డు మీదనే ఉండేటివి. ఇప్పుడు తెర మీద వెతకాలె. "ఏసీ పెంచుతుండంగ ముంగటి బండి ఆగింది సార్" అని చెప్పినోళ్ళను మస్తు మందిని చూసిన.

గీతల మధ్యల్నే బండిని నడిపించే సౌలతు, ముంగట అడ్డం వస్తె దానంతట అదే బ్రేకు కొట్టే సౌలతు వచ్చినయి. బ్రేకుది మంచిదే. ఔటర్ మీద దానివల్ల బతికినోళ్ళున్నరు. గీతలది మాత్రం, మా ఊళ్ళల్లకు వచ్చే రోడ్డు మీద గీతలే లేకపాయె. పైంగ ఈ కెమెరాలు, సెన్సర్లు అన్ని తీస్కపోయి బంపర్ల పెట్టిండ్రు. బంపర్ అంటె తగలనీకి పెట్టిన వస్తువు. తగిలే జాగల నాజూకు సామాన్లు పెట్టినోని తెలివిని నేను ఎన్నడు మెచ్చుకోలే.

పెట్రోలుల ఎథనాల్ కలుపుడు మీద ఇప్పుడు మా దోస్తులల్ల రోజు పంచాయితే. పాత బండ్ల రబ్బరు పైపులకు అది పడకపోవచ్చు, మైలేజి గూడ జర తగ్గుతది. కాని సర్వీసు చేయించని బండ్ల రోగాలన్ని దాని మీదనే వేస్తున్నరు. గది న్యాయం కాదు.

కరెంటు బండ్ల సంగతి ఇంత చిన్నగ తేలేది కాదు. దానికి మల్లేశ్ కథ చెప్పాలె.

మల్లేశ్ బండి

మల్లేశ్ మా ఇబ్రహీంపట్నం ముదిరాజుల పిల్లగాడు. వాళ్ళ నాయిన చెరువుల చాపలు పట్టెటోడు. భార్య అనిత ఇప్పటికి గూడ మార్కెట్ల చాపలు అమ్ముతది. మల్లేశ్ చానా ఏండ్లు వేరేటోళ్ళ కార్లు నడిపి, ఆఖరుకు సొంతంగ ఒక కరెంటు కారు తీస్కొని ట్యాక్సీకి పెట్టిండు. ఇద్దరి కష్టం ఆ బండిల ఉంది.

ఒకనాడు నాదర్‌గుల్ల కొత్తగ పడ్డ కాలనీల సవారీని దింపి ఎనకకు మల్లి వస్తుంటె, ఇంక తారు వెయ్యని రోడ్డు మీద బండి కింద రాయి తగిలింది. దిగి చూసిండు. పైకి ఏం కనవడలే. అక్కడి నుంచి ఇంటికి వచ్చిండు. ఇంటి ముంగట బండి ఆగింది, మల్ల కదలలే. టోయింగ్ బండి ఎక్కించి ఎల్బీనగర్ దిక్కు ఉన్న షోరూంకు పంపిండ్రు. అక్కడ చూడమని ఇన్సూరెన్స్ కంపెనీ నన్ను పంపింది.

బండిని లిఫ్టు మీద లేపి చూసిన. బ్యాటరీ కింది పళ్ళెం లోపలికి సొట్టవోయింది. బ్యాటరీని చల్లగ ఉంచే నీళ్ళ గొట్టం పగిలి, నీళ్ళన్ని తొవ్వపొంటి కారినయి. నీళ్ళు లేక లోపల కొంత భాగం కాలింది. "ఇది బాగు చేసేది కాదు సార్, మొత్తం మార్చుడే" అన్నడు షోరూం ఆయన. కాలింది ఒక మూల, మార్చాల్సింది మొత్తం. వెనకట ఇంజన్ల ఒక సామాను పోతె ఆ ఒక్కటే మారుస్తుండ్రి. ఈ బండ్లను నడవనీకి మంచిగ చేసిండ్రు గాని, బాగు చేయనీకి చేయలే. కరెంటు కార్ల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

మల్లేశ్, అనిత ఇద్దరు అక్కడికి వచ్చిండ్రు. నేను అడగాల్సింది అడిగిన.

"రాయి తగిలినంక బండిల ఏమన్న లైటు వచ్చిందా?"

"అవ్ సార్, వచ్చింది" అన్నడు మల్లేశ్. "కొంచెం దూరం వచ్చినంక తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. కింద ఇంగిలీషుల ఏందో రాసొచ్చింది. నాకు అది రాదు."

"వెలిగినంక ఏం జేసినవ్?"

"మెల్లగ పొమ్మంటుందని మెల్లగ వచ్చిన సార్. తాబేలు గద."

షోరూం ఆయన నన్ను పక్కకు పిలిచి, "సార్, గా తాబేలు ముచ్చట రాయకుండ్రి. రాస్తె కేసు పోతది" అన్నడు. ఆయన చెప్పింది కరెక్టే. కారు నీళ్ళల్ల ఆగినంక మల్ల స్టార్ట్ చేసి ఇంజన్ పాడు చేసుకుంటె, ఆ నష్టాన్ని కంపెనీలు ఒప్పుకోవు. హెచ్చరిక వచ్చినంక నడిపితె ఇది గూడ గట్లనే అంటరు. సొట్టకు, గొట్టానికి ఇస్తరు. కాలిన బ్యాటరీ ఓనరు నెత్తిన పడతది.

అనితకు సంగతి అర్థమైంది. మొగని దిక్కు తిరిగి, "నిన్నెవలు చెప్పమన్నరయ్యా గది? ఏం రాలే అంటె అయిపోయేది గద" అన్నది. తర్వాత నాతోని, "సార్, మీరు మా ఊరోళ్ళే. గది ఒక్కటి రాయకుండ్రి" అన్నది.

"విన్నది రాయకుండ ఉండలేనమ్మా" అన్న.

"గట్లయితె నిజం చెప్పినోడే ఆగమైతడా సార్? ఏం రాలే అన్నోనికి పైసలొస్తయి, వచ్చింది అన్నోనికి బండి పోతది. గిదేం న్యాయం?"

మల్లేశ్ తల వంచుకొని, "పోనియ్యే" అని ఆమెను బయటికి తీస్కపోయిండు.

ఆ తర్వాత నేను మార్కెట్ల చాపలకు పోతె అనిత పక్కామెకు చూపెట్టి, "అక్కడ తీస్కోండ్రి" అనేది. నా ముఖం దిక్కు చూసేది కాదు. ఆమె జాగల ఉంటె నేను గూడ గట్లనే ఉండేటోణ్ణి.

సుధాకర్

నేను రాసిందంత సాఫ్‌గ రాసిన. రాయి తగిలింది నిజం, తాబేలు వెలిగింది నిజం, ఆయన మెల్లగ నడిపింది నిజం. ఆఖరుకు నా మాటగ ఒకటి చేర్చిన. ఆ బొమ్మ గాని, దాని కింద ఇంగిలీషుల వచ్చిన ‘పవర్ తగ్గింది’ అన్న మాట గాని ఆగమని చెప్పదు, మెల్లగ పొమ్మంటది, నడిపినాయన గట్లనే చేసిండు, కాబట్టి నష్టమంత ఒప్పుకోవాలె అని.

కంపెనీల క్లెయిములు చూసే మేనేజర్ సుధాకర్. నాకంటె చానా చిన్నోడు, నన్ను అన్నా అంటడు. చెడ్డోడు కాదు. పైనోళ్ళకు భయపడే మనిషి, అంతే. నన్ను పిలిపించిండు.

"అన్నా, వార్నింగ్ వచ్చినంక నడిపిండని మీరే రాసిండ్రు. మల్ల మొత్తం ఇయ్యాలంటరు. ఎట్ల కుదురుతది?"

"వార్నింగ్ ఏమని వచ్చింది సుధాకర్?"

"తాబేలు."

"తాబేలు అంటె నీకేం అర్థమైతది?"

"నాకేం అర్థమైతదన్నది కాదన్నా. బండి కొన్నోనికి తెల్వాలె."

"ఎవలు చెప్తె తెలుస్తది?"

"షోరూమోళ్ళు చెప్తరు గద, బండి ఇచ్చేనాడు."

ఆ మాట మీద నాకు ఒక ఆలోచన వచ్చింది. సుధాకర్ గూడ అప్పుడు కరెంటు కారు కొనాలని చూస్తుండె, ఏది మంచిదని నన్ను రెండు మూడుసార్లు అడిగిండు. "నడువు, మల్లేశ్ కొన్న షోరూంకే పోదం. నువ్వు కొనేటోని లెక్కనే అడుగు. నేను నోరు తెరువను" అన్న.

పోయినం. బండ్లు అమ్మే పిల్లగాడు చానా మర్యాదగ చూపెట్టిండు. పై కిటికీ తెరిచిండు, పాట పెట్టిండు, సీటు దానంతట అదే జరుగుడు చూపెట్టిండు. సుధాకర్‌కు నచ్చింది, ముఖంల తెలుస్తనే ఉంది. ఆఖరుకు అడిగిండు.

"తమ్మీ, ఇందుల తాబేలు బొమ్మ వస్తదంట గద, అదేంది?"

పిల్లగాడు నవ్విండు. "అదేం ఫికర్ లేదు సార్. పవర్ తగ్గిందని చెప్తది. అది వచ్చిందంటె మెల్లగ నడుపుకుంట ఇంటికి పోయి చార్జింగ్ పెట్టుకుంటె సరిపోతది."

"బండి ఆపాల్నా?"

"ఎందుకు సార్ ఆపుడు? మెల్లగ పోండ్రి. అందరికి గదే చెప్తం."

ఆ పిల్లగాని తప్పు గూడ ఏం లేదు. ఆయనకు ఎవలో గట్ల చెప్పిండ్రు, ఆయన అందరికి గట్లనే చెప్తున్నడు. చార్జింగ్ తక్కువైనా అదే తాబేలు, బ్యాటరీ కింద పగిలినా అదే తాబేలు. ఒకటి చిన్న జ్వరం, ఇంకొకటి గుండెనొప్పి, రెంటికి ఒక్కటే బొమ్మ పెట్టినోళ్ళను అడగాలె.

బయటికి వచ్చినంక సుధాకర్, "పైకి రాస్త అన్నా. ఒప్పుకుంటరని చెప్పలేను" అన్నడు.

"నువ్వు విన్నది రాయి. చాలు."

రాసిండు. పైనోళ్ళు రెండుసార్లు తిప్పి పంపిండ్రు. సుధాకర్ రెండుసార్లు అదే రాసిండు. భయపడే మనిషి గట్ల నిలవడుతడని నేను అనుకోలే. ఆఖరుకు మొత్తం ఒప్పుకున్నరు.

ఇది గెలుపు అని చెప్పుకోను. ఒప్పుకున్నంక గూడ బ్యాటరీ రానీకి నెలలు పట్టింది. అన్ని రోజులు మల్లేశ్ తుర్కయాంజాల్ నుంచి ఎల్బీనగర్ దాంక వేరేటోళ్ళ షేర్ ఆటో నడిపిండు. ఆగిన బండికి కిస్తీ ఆగది. కరెంటు బండి మంచిదా చెడ్డదా అని నన్ను అడిగేటోళ్ళకు నేను చెప్పేది ఇదే. బండి మంచిదే. చప్పుడు లేదు, పొగ లేదు, నడిపే ఖర్చు తక్కువ. కాని అది ఆగిన్నాడు నీ దగ్గర ఎవలున్నరు, సామాను యాడికెళ్ళి రావాలె, ఎన్ని రోజులకు వస్తది, గది అడిగి కొనుక్కో. ఎంత దూరం పోతదన్నది తర్వాత.

కొత్తగ ఈ పనిలకు వచ్చే పిల్లలకు గూడ ఒక మాట. మీ ముంగట నిజం చెప్పిన మనిషి దానివల్ల నష్టపోయేటట్టు ఉంటె, ఆ నిజాన్ని దాచి ఆయనకు సాయం చేయొద్దు. దాస్తె ఆయన మీ చేతిల ఇరుక్కుంటడు, మీరు గ్యారేజీ ఆయన చేతిల ఇరుక్కుంటరు. దాని బదులు ఇంకా లోపలికి పోయి చూడుండ్రి. సగం నిజమే మనిషిని ముంచేది. మిగిలిన సగం ఎతకనీకే మనకు లైసెన్సు ఇచ్చింది.

సాగర్ రోడ్డు మీద

బండి తయారైనంక ఆఖరుసారి చూసి సంతకం పెట్టనీకి షోరూంకు పోయిన. కొత్త బ్యాటరీ, కొత్త పళ్ళెం, కొత్త గొట్టం, అన్ని సరిగ్గనే ఉన్నయి. మల్లేశ్ తాళం తీస్కున్నడు. ఎనక సీట్ల అనిత అప్పటికే కూసొని ఉంది. నేను బస్సుకు పోదమని గేటు దిక్కు నడుస్తుంటె ఆమెనే అద్దం దించి, "ఎక్కుండ్రి సార్, అందరం ఇబ్రహీంపట్నమే గద" అన్నది.

ముంగట కూసున్న. బెల్టు పెట్టుకున్న. ఎనకకు తిరిగి చూస్తె అనిత గూడ పెట్టుకుంది.

తుర్కయాంజాల్ దాటినంక రోడ్డు ఖాళీ అయింది. మల్లేశ్ నా దిక్కు చూసి, "సార్, మీకు కార్లంటె మస్తు ఇష్టమంట గద. జర తొక్కాల్నా?" అన్నడు.

"తొక్కు."

తొక్కిండు. చప్పుడేం లేదు, ఈపు మాత్రం సీటుకు అతుక్కుంది. ఎనకకెళ్ళి అనిత, "మెల్లగయ్యా!" అని అరుసుకుంటనే నవ్వింది. చెట్లు, ప్లాట్ల బోర్డులు, ఆటోలు అన్ని ఎనకకు పోయినయి. నేను పిల్లగాని లెక్క డ్యాష్‌బోర్డు పట్టుకున్న.

ఇంటికాడ దిగినంక యాదికొచ్చింది. ఇన్నేండ్ల ఈ పనిల నేను చూసిన బండ్లన్ని ఆగినయే. బాగైన బండి ఎక్కి రోడ్డు మీద పోవుడు గదే మొదటిసారి.